ఎర్ర గొడుగు ముందు బోర్లా పడుకోండి: న్యూ ఫారెస్ట్‌లో పుట్టగొడుగుల ఫోటోలు తీయడం ఎలా

పుట్టగొడుగు అంటే నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన రంగు తెలుపే. వానలు పడ్డాక చెదపుట్టల మీద లేస్తాయి, అమ్మేవాళ్ళు బుట్టలో తెస్తారు, కూర చేసుకుంటాం, అంతే. ఇంగ్లండ్ వచ్చిన మొదటి ఏడు అక్టోబరులో, దక్షిణాన హాంప్‌షైర్‌లోని న్యూ ఫారెస్ట్‌లో నడుస్తుంటే ఒక బర్చ్ చెట్టు కింద ఎర్రటి గొడుగు, దాని మీద తెల్లటి చుక్కలు. ఎవరో పిల్లలు బొమ్మ పారేసుకున్నారనుకున్నాను. దగ్గరికెళ్తే బొమ్మ కాదు. ఫోన్ తీసి నిలబడే నాలుగు ఫోటోలు కొట్టాను. ఇంటికొచ్చి చూస్తే ఆకుల మీద కుంకుమ ఒలికినట్టు ఒక మచ్చ. కాడ లేదు, గుండ్రం లేదు, చుక్కలు ఉన్నాయో లేవో తెలియదు. అమ్మకు వాట్సాప్‌లో పంపితే వచ్చిన జవాబు: "ముట్టుకోకురా, కుక్కగొడుగది. చేతులు కడుక్కున్నావా?"

ఆ ఫోటో పాడైంది ఫోన్ వల్ల కాదు, నేను నిలబడి తీయడం వల్ల, తొందరపడటం వల్ల. ఆ తర్వాత చాలా శని ఆదివారాలు తడి నేల మీద బోర్లా పడుకుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, రోజంతా తిరిగి యాభై పుట్టగొడుగులు తీయడం కన్నా ఒక్కదాని దగ్గర అరగంట కూర్చోవడం మేలు.

ఎప్పుడు వెళ్ళాలి

మన పండగల లెక్కలో చెప్తే దసరా నుంచి దీపావళి దాటేదాకా. శరత్తు అంటే మనకు తెల్లటి మబ్బులు, వెన్నెల. ఇక్కడ అదే రోజుల్లో ముసురు పట్టి ఉంటుంది. పుట్టగొడుగులకు కావలసింది ఆ ముసురే. బాగా వాన పడ్డాక రెండు మూడు రోజులు ఆగి వెళ్ళండి. గట్టిగా మంచు గడ్డకట్టిన రాత్రులు మొదలయ్యాయంటే మెత్తటివన్నీ నీరుగారిపోతాయి.

ఎండ కాసే రోజు మంచిదనుకుంటారు చాలామంది. కాదు. చెట్ల సందుల్లోంచి పడే ఎండ పుట్టగొడుగు మీద సగం తెలుపు, సగం నలుపు చేసి పోతుంది. మబ్బు పట్టిన రోజే బంగారం. టైమ్ మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత సాయంత్రం నాలుగున్నరకల్లా సూర్యాస్తమయం దగ్గర పడుతుంది. బీచ్ చెట్ల (సముద్రపు బీచ్ కాదు, ఇక్కడి ఒక పెద్ద చెట్టు పేరు) కింద ఇంకా ముందే చీకటి. పొద్దున తొమ్మిదికల్లా అడవిలో ఉండేలా చూసుకోండి. లండన్ వాటర్లూ నుంచి బ్రోకెన్‌హర్స్ట్‌కి రైల్లో గంటన్నర, కారు లేకపోయినా ఫరవాలేదు.

అడవికి వెళ్ళాక దారికి అడ్డంగా పంది కనపడితే కంగారు పడొద్దు. శరదృతువులో ఇక్కడి ఊళ్ళవాళ్ళు తమ పందుల్ని అడవిలోకి వదులుతారు. పచ్చి ఓక్ కాయలు తింటే అడవిలో తిరిగే పోనీ గుర్రాలకు విషం, పందులకు విందు. అందుకని గుర్రాలకంటే ముందు పందులు ఆ కాయలు ఏరేస్తాయి. వందల ఏళ్ళ నాటి హక్కు ఇది. మీ సంచిలో శాండ్‌విచ్ ఉంటే మాత్రం నేల మీద పెట్టకండి. అక్టోబరు మగ జింకలు పోట్లాడుకునే నెల కూడా, వాటికి బాగా దూరంగా ఉండండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

కెమెరా ఉంటే 90 లేదా 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గరగా తీసేది) చాలు. లేకపోతే ఫోనే, దాని సంగతి కింద చెప్తాను. మామూలు ట్రైపాడ్‌లు మోకాలి ఎత్తు కన్నా కిందికి దిగవు, పుట్టగొడుగేమో జానెడు. కాబట్టి కాళ్ళు పూర్తిగా పరుచుకునే ట్రైపాడ్ కావాలి, లేదా గుడ్డ సంచిలో బియ్యం పోసి దాని మీద కెమెరా పెట్టుకోవాలి. నేను రెండోదే ఎక్కువ వాడతాను. బియ్యాన్ని ముందు గట్టిగా మూసే ప్లాస్టిక్ కవర్లో పోసి, ఆ కవర్ని గుడ్డ సంచిలో పెట్టండి. నేను మొదట్లో నేరుగా గుడ్డలో పోశాను. వానలో తడిసింది, అలమరలో పెట్టి మర్చిపోయాను. రెండు వారాల తర్వాత తీస్తే లోపల పచ్చటి బూజు. శిలీంధ్రాల కోసం ఊళ్ళు తిరిగినవాడి ఇంట్లోనే శిలీంధ్రం!

ఇంకా కావలసినవి చిన్నవే: కింద పరుచుకోవడానికి పాత యోగా మ్యాట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, మట్టి తుడవడానికి మెత్తటి పెయింట్ బ్రష్, రెండు బట్టల క్లిప్పులు, చేతి అద్దం, అట్టకు అంటించిన వంటింటి ఫాయిల్ ముక్క, వేలెడంత ఎల్‌ఈడీ లైటు. లెన్స్‌కి పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తడి ఆకుల మీద మెరుపు తగ్గుతుంది. దాన్ని పూర్తిగా తిప్పేయకండి. మెరుపంతా పోతే గొడుగు మట్టితో చేసినట్టు కనపడుతుంది.

ఎక్కడ వెతకాలి

పుట్టగొడుగు కోసం నేల చూడకండి, ముందు చెట్టు చూడండి. ఎర్రగా, తెల్ల చుక్కలతో ఉండే ఫ్లై అగారిక్ బర్చ్ వేళ్ళతో, పైన్ వేళ్ళతో కలిసి బతుకుతుంది. తెల్లటి బెరడున్న బర్చ్ కనపడితే దాని చుట్టూ పది అడుగులు నెమ్మదిగా తిరగండి. అమెథిస్ట్ డిసీవర్ బీచ్, ఓక్ ఆకుల కింద దాక్కుని ఉంటుంది. రూపాయి బిళ్ళకు కాస్త అటూ ఇటూగా, నేరేడు పండు తిన్న నాలుక రంగులో. పోర్సెలెయిన్ ఫంగస్ చచ్చిన బీచ్ మానుల మీద గుత్తులుగా వస్తుంది, దానికోసం తలెత్తి కూడా చూడాలి. యెల్లో స్టాగ్స్‌హార్న్ పైన్ జాతి మొద్దుల మీద పసుపు రంగు జింక కొమ్ముల్లా, వేలెత్తున ఉంటుంది. ఇవేవీ దొరకని రోజు టర్కీ టెయిల్ ఉండనే ఉంటుంది. పడిపోయిన దుంగల మీద విసనకర్రల్లా వరసలు వరసలుగా, ఏడాది పొడుగునా.

ఒకటి కనపడగానే అక్కడే ఆగండి. వెంటనే అడుగు వేయొద్దు. ఒకటున్నచోట చుట్టూ ఇంకో నాలుగు ఆకుల కింద మొలుస్తూ ఉంటాయి. నేనోసారి మంచి గుత్తి ఫోటో తీద్దామని మోకాలు వంచి, ఆ గుత్తి పిల్లల మీదే కూర్చున్నాను.

ఇక అరగంట పని

ముందుగా చుట్టూ తిరిగి మోడల్‌ని ఎంచుకోండి. ఫ్లై అగారిక్ పుట్టేటప్పుడు తెల్లటి పొరలో గుడ్డులా ఉంటుంది. పెరిగేకొద్దీ ఆ పొర చిరిగి, ముక్కలు గొడుగు పైన అంటుకుంటాయి. మనం చుక్కలనేవి అవే. గట్టి వాన పడితే కడుక్కుపోతాయి, ఉత్త ఎర్ర గొడుగు మిగులుతుంది. అందుకే సగం విచ్చుకుని, చుక్కలు నిండా ఉన్న లేతదాన్ని వెతకండి. ఒకటి గుడ్డులా, ఒకటి విచ్చుకుంటూ, ఒకటి పళ్ళెంలా పరుచుకుని ఒకేచోట దొరికితే ఆ రోజుకు ఇంకెక్కడికీ కదలొద్దు.

తర్వాత కిందికి దిగండి. వంగడం కాదు, బోర్లా పడుకోవడమే. మీ కన్ను గొడుగు అంచుకి సమానంగా, వీలైతే ఒక అంగుళం కింద ఉండాలి. అక్కడి నుంచి చూస్తే గొడుగు అడుగున పుస్తకం పుటల్లా పేర్చిన తెల్లటి పొరలు, కాడ మీద వేలాడే పావడా లాంటి అంచు, కాడ అడుగున ఉబ్బు అన్నీ కనపడతాయి. పైనుంచి చూసినప్పుడు అది రంగు మచ్చ, పక్కనుంచి చూస్తే దానికొక నిలువు, ఒక మెడ, ఒక తల ఉంటాయి. జానెడు పుట్టగొడుగు చెట్టంత కనపడటం కూడా అప్పుడే మొదలవుతుంది.

ఇప్పుడు దాన్ని మరిచిపోయి వెనక ఏముందో చూడండి. ఫోటోలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. వెనక తెల్లటి ఆకాశం తునక ఉంటే కన్ను అటే పోతుంది. కెమెరాని నాలుగంగుళాలు ఎడమకో కుడికో జరిపితే చాలు, దూరపు చెట్ల నీడ గొడుగు వెనక్కి వచ్చి కూర్చుంటుంది. ముదురు నీడ మీద ఎరుపు ఎలా వెలుగుతుందో మీరే చూస్తారు. రాలిన బీచ్ ఆకుల రాగి రంగు వెనక మసకగా వస్తే అదీ అందమే.

తర్వాత శుభ్రం. గొడుగు మీద మట్టి రవ్వలు, పైన్ సూదులు బ్రష్‌తో తీసేయండి. ముందుకు వాలిన గడ్డిపరకను పీకకుండా బట్టల క్లిప్పుతో పక్కకి పట్టి ఉంచండి, అయ్యాక వదిలేయండి. నాచు పీకొద్దు. ఇక్కడ నాకు చాదస్తం ఎక్కువై ఒకసారి చుట్టూ ఆకులన్నీ ఊడ్చి పారేశాను. ఫోటోలో అది ఎవరో దుకాణంలో కొని పాతిపెట్టినట్టు వచ్చింది. రెండు ఆకులు అడ్డంగా ఉండనివ్వండి, నత్త కొరికిన అంచు కూడా.

ఆ తర్వాతే సెట్టింగులు. కెమెరా కదలకుండా ఉంది కాబట్టి ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100 లేదా 200 పెట్టండి. లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పేది ఎఫ్ అంకె: వెనకంతా మసకగా కావాలంటే ఎఫ్/2.8 నుంచి 4, గొడుగంతా స్పష్టంగా కావాలంటే ఎఫ్/8. బీచ్ చెట్ల కింద అప్పుడు షట్టర్ అర సెకను దాకా తెరిచి ఉండాల్సి రావచ్చు. పుట్టగొడుగు కదలదు, పక్కనున్న గడ్డి కదులుతుంది. గాలి ఆగేదాకా ఆగండి. చేత్తో బటన్ నొక్కితే కెమెరా ఊగుతుంది, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఫోకస్ మీకు దగ్గరగా ఉన్న అంచు మీద, లేదా ముందున్న చుక్క మీద ఉండాలి.

చివరగా వెలుతురు. గొడుగు అడుగు చీకటిగా ఉంటుంది కదా, ఫాయిల్ అట్టను కాడ ముందు నేల మీద వాలుగా, ఫ్రేములోకి రాకుండా పెట్టండి. మబ్బు వెలుతురే తిరిగి పైకి పడి అడుగు పొరలు తేలికగా వెలుగుతాయి. కెమెరా ఫ్లాష్ నేరుగా కొట్టొద్దు. తడి గొడుగు మీద తెల్లటి చుక్క పడుతుంది, వెనకంతా నల్లబడుతుంది.

ఏ రంగుకి ఏ చిట్కా

ఎరుపు మోసం చేస్తుంది. స్క్రీన్ మీద ఫోటో బాగానే ఉన్నట్టుంటుంది, కానీ ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోయి మడతలూ మెరుపులూ అన్నీ కలిసి ముద్దయిపోతాయి. నా మొదటి ఫోటోలో కుంకుమ ఒలికినట్టు రావడానికి ఇదీ ఒక కారణం. ఎక్స్‌పోజర్‌ని (అంటే ఫోటో వెలుగుని) సున్నా నుంచి మైనస్ మూడింట రెండు వంతులకు దించండి. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఏ రంగు వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) ఉంటే ఎరుపు గీత కుడి అంచుని తన్నకుండా చూసుకోండి. రా (RAW, కెమెరా ఏమీ సర్దని) ఫైల్‌గా తీస్తే తర్వాత సర్దుకోవడానికి కాస్త చోటుంటుంది.

ఊదా రంగుది వేరే బాధ. వెలుతురుని బట్టి రంగులు సరిచేసే ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్‌కి వదిలేస్తే అమెథిస్ట్ డిసీవర్ ఒకసారి నీలంగా, ఒకసారి బురద రంగుగా వస్తుంది. డేలైట్ సెట్టింగులో పెట్టి తీయండి. ఇంకో సంగతి, ఇది ఎండిపోతే రంగు వెలిసి పాలిపోతుంది, కాబట్టి వాన వెలిసిన పూటే తీయాలి.

పోర్సెలెయిన్ ఫంగస్‌కి ముందునుంచి కాదు, వెనకనుంచి వెలుతురు కావాలి. తెల్లగా, జిగటగా, జెల్లీ పూసినట్టుంటుంది. ఎల్‌ఈడీ లైటు గొడుగు వెనక, కాస్త పైన పట్టుకుంటే వెలుతురు దానిలోంచి దూరి వచ్చి, అడుగు పొరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనపడతాయి. కాగితపు లాంతరు వెలిగించినట్టే. మిరపకీ వరికీ కొట్టే అజాక్సీస్ట్రోబిన్ అనే తెగులు మందు పేరు మన రైతులకు తెలిసే ఉంటుంది. ఆ రకం మందులకు దారి చూపినవాటిలో ఈ పుట్టగొడుగు కూడా ఉంది. తన మాను మీదికి ఇతర శిలీంధ్రాలు రాకుండా అది సొంతంగా ఒక పదార్థం తయారు చేసుకుంటుంది. మిరప తోటలో కొట్టే మందుకి చుట్టం ఇంగ్లండ్ బీచ్ చెట్టు మీద ఉందంటే గుంటూరు వైపు మా బంధువులు ఒక పట్టాన నమ్మలేదు.

గొడుగంతా ముందునుంచి వెనకదాకా స్పష్టంగా ఉండి, వెనక మాత్రం మసకగా కావాలా? అది ఒక్క ఫోటోలో రాదు. కెమెరాని కదపకుండా ఫోకస్‌ని ముందు అంచు నుంచి వెనక అంచుదాకా కొద్దికొద్దిగా జరుపుతూ పదిహేను, ఇరవై ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలపాలి. ఫోకస్ స్టాకింగ్ అంటారు. కొన్ని కెమెరాలు ఆ జరపడం తామే చేసుకుంటాయి. కలపడానికి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్, ఫోటోషాప్ ఉన్నాయి. గాలి వీచే రోజు మాత్రం దీని జోలికి పోకండి.

ఫోన్ మాత్రమే ఉంటే

ముందు లెన్స్ తుడవండి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకోండి, అప్పుడు లెన్స్ నేలకి ఆనుకుని ఉంటుంది. ఈ ఒక్క చిట్కాతో సగం పని అయిపోతుంది. మరీ దగ్గరికెళ్తే చాలా ఫోన్లు వైడ్ లెన్స్‌తో మాక్రో మోడ్‌లోకి మారతాయి. అప్పుడు ఫోన్ నీడే గొడుగు మీద పడుతుంది, వెనకున్న చెత్తంతా స్పష్టంగా వస్తుంది. అడుగు దూరం వెనక్కి జరిగి రెండు లేదా మూడు రెట్ల జూమ్ వాడండి. గొడుగు మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. తర్వాత వెలుతురు గుర్తును కొంచెం కిందికి లాగండి. మూడు సెకన్ల టైమర్ పెట్టి, ఫోన్‌ని బియ్యం సంచికి ఆనించి వదిలేయండి.

ముట్టుకోవచ్చా?

ముట్టుకుంటే ఏమీ కాదు. తింటేనే ప్రమాదం. ఫ్లై అగారిక్ విషపుదే, కానీ అది తన ఎరుపుతో ముందే చెప్తుంది. అసలు భయపడాల్సింది డెత్ క్యాప్‌కి. లేత ఆకుపచ్చ, చూడటానికి అమాయకంగా ఉంటుంది. తిన్న ఆరు గంటలు, ఒక్కోసారి ఇంకా చాలాసేపు దాటేదాకా ఏమీ తెలియదు, ఆ తర్వాత కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఫోటో చూసి "ఇది తినొచ్చా అన్నా?" అని అడిగేవాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ ఒకరుంటారు. జవాబు ఎప్పుడూ ఒకటే: తమ్ముడూ, సూపర్ మార్కెట్‌లో కొనుక్కో.

న్యూ ఫారెస్ట్‌లో పుట్టగొడుగులు కోయొద్దని అడవిని చూసుకునే ఫారెస్ట్రీ ఇంగ్లండ్ కోరుతుంది. మనకు కోయాల్సిన అవసరం కూడా లేదు. అది ఏ జాతో తెలియాలంటే అడుగు పొరలు చూడాలి కాబట్టి చాలామంది పీకి తిప్పుతారు. చేతి అద్దం గొడుగు కింద పెట్టి, అద్దంలో కనపడేదాన్ని ఫోటో తీయండి, సరిపోతుంది. అందమైన ఫోటో అయ్యాక గుర్తింపు కోసం ఇంకో నాలుగు తీసుకోండి: పైనుంచి ఒకటి, అద్దంలో పొరలు ఒకటి, కాడ అడుగు ఒకటి, పక్కనున్న చెట్టు ఆకు లేదా బెరడు ఒకటి. పక్కన ఒక నాణెం పెడితే సైజు తెలుస్తుంది.

ఇంత దూరం రాలేనివాళ్ళకు ఒక మాట. ఇదే పద్ధతి మారేడుమిల్లిలోనో నల్లమలలోనో వానాకాలంలో పనికొస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా పడిపోయిన దుంగల మీద నారింజ ఎరుపు రంగులో గట్టి పలకల్లా పెరిగేవి చూడండి, ఫ్లై అగారిక్‌కి ఏమీ తీసిపోవు. అయితే అక్కడ బోర్లా పడుకునే ముందు కర్రతో ఆకులు కదిపి చూడండి, పాములుంటాయి. అటవీశాఖ అనుమతి లేని చోటికి వెళ్ళకండి.

ఇంటికొచ్చాక

బట్టలు వాషింగ్ మెషీన్లో వేసే ముందు మోకాళ్ళ వెనక, నడుము దగ్గర, చంకల్లో గోమార్లున్నాయేమో చూసుకోండి. జింకలు తిరిగే అడవి కదా. ఈ గోమార్లు నువ్వుగింజంత ఉంటాయి, లైమ్ అనే జబ్బు తెస్తాయి. అంటుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రగా వ్యాపిస్తే డాక్టర్‌కి చూపించండి.

ఫోటోలు సర్దేటప్పుడు శాచురేషన్ (రంగుల గాఢత) ముట్టుకోకపోతేనే మంచిది, ఈ రంగులకు అది అక్కర్లేదు. నీడలు కాస్త ఎత్తండి, తెల్ల చుక్కల వెలుగు కాస్త దించండి, చాలు. జాతి తెలియకపోతే ఆ నాలుగు ఫోటోలు, జీవుల ఫోటోలు చూసి పేర్లు చెప్పుకునే సైటు ఐనాచురలిస్ట్‌లో పెట్టండి. రోజులు పట్టొచ్చు గానీ తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు చెప్తారు. నేను "గులాబీ రంగు బుల్లి పుట్టగొడుగులు" అని సంబరంగా పెట్టినవి అసలు శిలీంధ్రాలే కావనీ, స్లైమ్ మోల్డ్ అనే వేరే జీవులనీ అలాగే తెలిసింది.

ఫోన్ మ్యాప్‌లో ఆ చోటుకి ఒక పిన్ పెట్టుకోవడం మర్చిపోకండి. పైన గొడుగు కొన్ని రోజులే ఉంటుంది, కింద చెట్టు వేళ్ళకు చుట్టుకున్న దారాలు మాత్రం ఏళ్ళ తరబడి ఉంటాయి. వచ్చే ఏడు అదే చెట్టు కింద మళ్ళీ లేవొచ్చు. నా మ్యాప్‌లో "గేటు దాటాక మూడో బర్చ్" అని ఒక పిన్ ఉంది, "పంది శాండ్‌విచ్ తిన్న చోటు" అని ఇంకొకటి.